నేలతాడి పేరు తెలిసికొనుట ఎట్లు?
మన వృక్షగ్రంథములపై ఒక విమర్శ

తొలకరి పడిన కొన్ని దినములకు తోటల నీడలో గడ్డి పచ్చగా లేచును. ఆ గడ్డిలో గడ్డి కాని మొక్కలు కూడ కలసియుండును. వానిలో నేలతాడి ఒకటి. ఆకు వెడల్పును చూచినచో గడ్డి అనిపించును. ఆకు మడతను చూచినచో తాటిమొలక అనిపించును. ఏదో ఒక ఉదయమున ఆకుల మొదట, దాదాపు మట్టిని అంటుకొని, ఆరు రేకుల పసుపుపచ్చని నక్షత్రమువంటి పూవు విచ్చుకొనును. అంతవరకు దానికొక ప్రత్యేకమైన పేరుండునని చూచువారికి తోచదు.

కోనసీమలో, వృద్ధగౌతమి చెంతనున్న మురమళ్ళలో, ఒక పాఠశాల విద్యార్థి అట్టి పూవును కోసికొనివచ్చి “ఇది ఏమి మొక్కండీ?” అని ఉపాధ్యాయుని అడిగెననుకొందము. ఆ ఉపాధ్యాయుని బల్లమీద ఈ ప్రాంతపు మొక్కలనుగూర్చి వెలువడిన ప్రసిద్ధ గ్రంథములన్నియు ఉన్నవని కూడ అనుకొందము. వానిలో ఏది ఆ పూవును దాని పేరువరకు చేర్చగలదు? ఏది నడిదారిలో విడిచివేయును? వృక్షగ్రంథములను పుటల సంఖ్యనుబట్టియు, కర్తల కీర్తినిబట్టియు మెచ్చుకొనుట మనకు అలవాటు. చేతిలో మొక్కను పట్టుకొని నిలచినవానికి అవి ఎంతవరకు ఉపకరించునో పరీక్షించుట అరుదు. ఒక చిన్న మొక్కను ఆధారముగ గొని ఆ పరీక్ష చేయుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

మొక్క స్వరూపము

గ్రంథములను విమర్శించుటకు ముందు మొక్కను తెలిసికొనవలెను. నేలతాడి శాస్త్రీయ నామము కర్కులిగో ఆర్కియాయిడిస్. ఇది ఏకదళబీజపు మొక్క, బహువార్షికము. పైని ఆకులు వాడి రాలిపోయినను నేలలోని కొమ్ము సజీవముగ నుండి మరల చిగిర్చును. ఆ కొమ్ము అల్లమువలె అడ్డముగ ప్రాకక, ముల్లంగివలె నిటారుగ క్రిందికి దిగును. దానినుండి కండగల వేళ్ళు ప్రక్కలకు పోవును. కొమ్ము పైభాగము నల్లగను గోధుమవన్నెగను ఉండును.

ఆకులన్నియు మొదటినుండియే పుట్టును. కాండము పైకి కనబడదు. ఆకు సాధారణముగ 15 మొదలు 45 సెంటీమీటర్ల పొడవు, సుమారు అర సెంటీమీటరు మొదలు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు కలిగియుండును. ఈనెలు సమాంతరముగ సాగును. ఆ ఈనెలవెంట ఆకు నిలువుగ మడతలు పడియుండును. విసనకఱ్ఱను సగము మూసినట్లున్న ఆ మడతలే దీనికి తాడి పోలికను తెచ్చిపెట్టినవి. ఆకుమీద సన్నని వెండ్రుకలు పలుచగా ఉండును. పొడవైన ఆకు వంగి దాని కొన నేలను తాకినచో, కొన్నిసార్లు ఆ కొనయే వేరూని క్రొత్త మొక్కగును.

పూవు విషయమున నేలతాడి ఇంకను విచిత్రమైనది. పూలగుత్తి కాడ మిక్కిలి పొట్టిది. అది ఆకుల మొదళ్ళ ఒరలలో మునిగి, నేలమట్టమునకు ఇంచుమించు సమముగ లేక దాని క్రిందుగ దాగియుండును. పైకి కనబడునది ఆరు పసుపుపచ్చని రేకులును, వాని నడుమ ఆరు కేసరములును మాత్రమే. రేకుల వెలుపలి వైపున వెండ్రుకలుండును. రేకుల క్రింద దారమువంటి సన్నని మెడ ఒకటి లోనికి దిగును. చూచువాడు దానిని పూవుకాడ అనుకొనును. అది కాడ కాదు; అండాశయము పైకి సాగిన ముక్కు. అసలు అండాశయము ఆ ముక్కు అడుగున, ఆకుల ఒరల మధ్య, మట్టిలో కూర్చుండియుండును. కాయయు అక్కడనే ముదురును. అందులో కొలదిపాటి నల్లని గింజలుండును. గింజపైన అలలవంటి గాళ్ళు, ఒక కొసను చిన్న కొక్కెమువంటి ముక్కు ఉండును. గుత్తిలో క్రిందిపూలు ద్విలింగములు. పైపూలు తరచుగ పురుషపుష్పములు మాత్రమే.

ఒక్క విషయమును ఇచ్చట గుర్తుంచుకొనవలెను. ఈ మొక్క పూవును గిల్లి తెచ్చినవాడు, అండాశయమును తోటలోనే విడిచివచ్చినవాడగును.

దేనితో పొరపడుదురు?

నేలతాడిని పోలిన మొక్కలు పలువిధములు. గడ్డిజాతుల ఆకు మొదట కాండమును చుట్టిన ఒర యుండును. ఒర, ఆకు కలియుచోట నాలుకవంటి పలుచని పొరయో, వెండ్రుకల వరుసయో సాధారణముగ కానవచ్చును. గడ్డికి కణుపులు గల కాండముండును. నేలతాడికి ఇవి లేవు. తుంగజాతులలో పూకాడ తరచుగ ముప్పేటగ నుండును. వ్రేళ్ళ మధ్య దొర్లించినచో మూడు అంచులు తెలియును. నేలతాడికి అట్టి కాడయే లేదు.

తాటిమొలకతో, ఈతమొలకతో పొరపాటు సహజము. తేగలు త్రవ్వు అలవాటున్న ఇండ్లలో పిల్లలు కూడ తాటిమొలకను ఎరుగుదురు. అయితే మొలక ఆకు బిరుసుగ, వంచినచో ఎదురు తిరుగునట్లుండును. నేలతాడి ఆకు మెత్తనిది. మొలక మొదటిని అనుసరించి పోయినచో టెంకయో, గింజయో తగులును. నేలతాడికి అచ్చట నిటారైన కొమ్ము తగులును. అన్నిటికి మించి, తాటిమొలక ఎంతకాలము కాచుకొన్నను మొదటిలో పసుపు పూవు పూయదు.

తెల్లముసలి అను పేరుతో పిలువబడు క్లోరోఫైటము జాతులకు కూడ గడ్డివంటి ఆకులే ఉండును. వాని పూలు తెల్లనివి. పైకి లేచిన కాడమీద పూయును. అండాశయము రేకులకు పైన, పూవు నడుమ కనబడుచునే యుండును. ఇక ఇఫిజీనియా ఇండికా అను మొక్క కలదు. దాని ఆకులు కూడ సన్ననివే. అది ఆకులుగల నిలువు కాడమీద ముదురు ఊదావన్నె చిన్నపూలను పూయును. అది అడవినాభి కుటుంబమునకు చెందినది. అడవినాభిలో వలెనే దీనిలోను కాల్చిసిన్ అను విషపదార్థము కలదు. పూలులేని కాలమున ‘గడ్డివంటి ఆకు, అడుగున దుంప’ అను రెండు గుర్తులనే నమ్మి త్రవ్వినవాడు ఎంతటి పొరపాటునకు లోనగునో దీనినిబట్టి ఊహింపవచ్చును. నేలతాడి కొమ్మును వైద్యమున వాడుదురు. అందుచేత దీని పేరు తెలిసికొనుట వట్టి పాండిత్యపు ముచ్చట కాదు.

రాక్స్‌బరో చిత్రము

ఉపాధ్యాయుడు మొదట తీయదగిన గ్రంథము విలియం రాక్స్‌బరో రచించిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’. రాక్స్‌బరో 1781 మొదలు సామర్లకోటలో ఉండెను. అచ్చట తోట వేసి మొక్కలను పెంచి పరీక్షించెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు వెడలెను. మురమళ్ళనుండి గౌతమిని దాటి యానాము, కాకినాడల మీదుగ పోయినచో సామర్లకోట ఒక పూట ప్రయాణము. ప్రపంచ వృక్షశాస్త్రమున చిరస్థాయిగ నిలిచిన ఒక మహాగ్రంథమునకు పునాది ఈ గోదావరి మండలముననే పడినదని మన పాఠశాలలలో ఎందరు చెప్పుచున్నారు?

ఆ గ్రంథము మూడు సంపుటములుగ 1795లో ఆరంభమై, రాక్స్‌బరో 1815లో మరణించిన తరువాత గాని పూర్తికాలేదు. అందు 300 చిత్రఫలకములు కలవు. నేలతాడి మొదటి సంపుటములోనే 13వ ఫలకముగ చోటు సంపాదించుకొన్నది. ఈ చిత్రములను భారతీయ చిత్రకారులు సజీవమైన మొక్కలను ఎదుట పెట్టుకొని వ్రాసిరి. వారి పేర్లు గ్రంథముఖమున లేవు. ఇది ఆ కాలపు పెద్ద లోపము. అయినను ఆ పనివాండ్ర కన్ను ఎంత నిశితమైనదో ప్రతి ఫలకమును చాటుచున్నది.

చిత్రమునకు గల గుణము ఒకటున్నది. అది చూచువానిని వరుసక్రమమునకు కట్టివేయదు. ఆకునుండి మొదలుపెట్టవచ్చును, పూవునుండి మొదలుపెట్టవచ్చును. రెండింటికి గల సంబంధము ఒక్కచూపున తెలియును. అందుచేత మురమళ్ళ విద్యార్థి చేతిలోని పూవును ఈ గ్రంథము గుర్తింపజేయగలదు. కాని ఆ ఫలకమునకు చేరుట ఎట్లు? 300 ఫలకములను ఒక్కొక్కటిగ త్రిప్పుట తప్ప మార్గము లేదు. పోలిన మొక్కలను ప్రక్కప్రక్కన పెట్టి భేదము చూపుట ఈ గ్రంథపు లక్ష్యమే కాదు. ఇది గుర్తించినదానిని దృఢపరచును. గుర్తింపని దానికి దారి చూపదు.

ఎలియట్ పేర్ల పట్టిక

రెండవది వాల్టర్ ఎలియట్ 1859లో మదరాసున ప్రకటించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’. ఎలియట్ ఉత్తర సర్కారులకు కమిషనరుగ ఉద్యోగము చేసినవాడు. అమరావతి శిల్పములతో ఆయన పేరు ముడిపడియుండుటచే చరిత్రకారులు ఆయనను ఎరుగుదురు. మొక్కలవారు అంతగ ఎరుగరు. తెలుగు మండలములలో సాధారణముగ కానవచ్చు మొక్కల దేశీయ నామములను చేర్చి, వానికి ఎదురుగ శాస్త్రీయ నామములను నిలిపిన పట్టిక ఇది. తెలుగు పేరును ప్రవేశద్వారముగ చేసిన తొలి వృక్షగ్రంథములలో ఇది ఒకటి. ఆ దృష్టితో దీనికి నమస్కరింపవలసినదే.

మురమళ్ళలో ఎవరైన పెద్దవారు “అది నేలతాడిరా అబ్బాయి” అని చెప్పినచో, పేరునుండి శాస్త్రీయ నామమునకు పోవుటకు ఇట్టి పట్టిక సరియైన సాధనము. చెప్పువారు లేనిచో పట్టిక మూగది. పేరు తెలిసినవానికే పేరు చెప్పు గ్రంథమిది.

మరియు పేరు ఒక్కటే నమ్మదగిన సాక్షి కాదు. నేలతాడి అను మాట అందమైనది, అర్థవంతమైనది: నేలనంటియున్న తాడి. తమిళులు నిలప్పనై అనియు, మలయాళులు నిలప్పన అనియు అందురు, అర్థము అదియే. సంస్కృతమున తాలమూలి అన్నను తాడిచెట్టే స్ఫురించును. దక్షిణదేశమున ఇన్ని భాషలవారు ఒక్క పోలికనే పట్టుకొనుట, ఆకు మడత ఎంత స్పష్టమైన గుర్తో తెలుపుచున్నది. కాని పాత ఆంగ్లగ్రంథములు కొన్నిటిలో ఇదియే ‘నల్లతాడి’గ మారినది. ‘నేల’ అను మాట రోమను లిపిలో ‘నల్ల’గ మారుటకు ఒకటి రెండు అక్షరములు తప్పిపోయిన చాలును. అచ్చటితో ఆగక, దీని కొమ్మునకు ‘నల్లముసలి’ అను వర్తకనామముండుటచే ఆ పొరపాటునకు బలము చేకూరినది. ముసలి అను పేరో, ఒక మొక్కది కాదు. నల్లముసలి నేలతాడి, తెల్లముసలి క్లోరోఫైటము, మరికొన్నిచోట్ల పిల్లిపీచర జాతిలోని ఒక మొక్క వేళ్ళను కూడ తెల్లముసలియే అందురు. మూడు మొక్కలు మూడు కుటుంబములుగ, ఒకప్పుడు లెక్కించినట్లు కాకున్నను వేర్వేరు ప్రజాతులుగ, నిలిచియుండగా అంగడిలో ఒక్క మాట వానినన్నిటిని కప్పివేయుచున్నది. కనుక పేరు విచారణకు ఆరంభము కావలెను గాని తీర్పు కారాదు. ఎలియట్ పట్టికకు తరువాత వచ్చినవారు ఆ పేర్లను మక్కికి మక్కి ఎత్తివ్రాసికొనిరే గాని, ఊరూర తిరిగి వానిని మరల సరిచూచిన ప్రయత్నము చాల తక్కువ.

హుకర్, గాంబుల్, ఫిషర్

మూడవ మెట్టున మహాగ్రంథములున్నవి. జోసెఫ్ హుకర్ సంపాదకత్వమున ఏడు సంపుటములుగ 1872 మొదలు 1897 వరకు వెలువడిన ‘బ్రిటిష్ ఇండియా వృక్షావళి’ ఒకటి. గాంబుల్ ఆరంభించిన ‘మదరాసు రాజధాని వృక్షావళి’ మరియొకటి. ఇది 1915 మొదలు 1936 వరకు భాగములుగ వచ్చినది. గాంబుల్ 1925లో మరణించుటచే ఫిషర్ దానిని పూర్తిచేసెను. నేలతాడి చేరిన భాగము 1928లో ఫిషర్ చేతిమీదుగ వెలువడినది. నేటికిని దక్షిణభారతమున ఏ మొక్కనైన నిర్ణయింపబూనినవారు గాంబుల్ గ్రంథమును తెరువక మానరు. అందలి వర్ణనల క్లుప్తత, నిర్దుష్టత ఇప్పటికిని ఆదర్శప్రాయములు.

అయినను మురమళ్ళ పరీక్షలో విద్యార్థి తడబడునది ఇచ్చటనే. కారణము సూక్ష్మమైనది. బెంథామ్, హుకర్ అను పండితులు ఏకదళబీజములను ఏడు శ్రేణులుగ విభజించిరి. అందు రంగు రంగుల పూలుగల మొక్కలను వేరుచేయు ముఖ్యప్రశ్న: అండాశయము రేకులకు క్రింద నున్నదా, పైన నున్నదా? క్రిందనున్నచో అది నిమ్న అండాశయము. మొక్క ఒక శ్రేణికి పోవును. పైనున్నచో ఊర్ధ్వ అండాశయము; మొక్క మరియొక శ్రేణికి, నీరుల్లి, శతావరి మున్నగువానిని చేర్చిన లిలియేసీ కుటుంబపు వైపునకు పోవును. ప్రశ్న స్పష్టమైనదే. కాని విద్యార్థి చేతిలోని పూవున అండాశయమే లేదు. అది మురమళ్ళ మట్టిలోనున్నది.

ఆతడు పూవును నిలువునా చీల్చును. రేకుల క్రింద ఉబ్బు ఏదియు కానరాదు. దారమువంటి మెడ మాత్రమే యున్నది. దానిని కాడ అనుకొనును. “క్రింద అండాశయము లేదు, కనుక పైననే యుండవలెను” అని నిశ్చయించి, లిలియేసీలోనికి ప్రవేశించును. అచ్చట ఎన్ని పుటలు త్రిప్పినను నేలతాడి దొరకదు. అది అమరిల్లిడేసీలో నున్నది. గుత్తి పైభాగమున నున్న పురుషపుష్పము చిక్కినచో కష్టము ఇంకను ఎక్కువ. తప్పు విద్యార్థిది కాదు. గ్రంథములో అసత్యమును లేదు. గ్రంథము ఎవరికొరకు వ్రాయబడెనో ఆ చదువరి వేరు. సమూలముగ పెకలించి, అదిమి, ఆరబెట్టి, అట్టకు అంటించిన మొక్కను బల్లమీద పెట్టుకొన్న పండితునికి మొదలునుండి కొసవరకు అన్నియు కానవచ్చును. ఆతనికి మొదటి ప్రశ్న సులభమైనది. తోటలో నిలచినవానికి అదియే కడపటి ప్రశ్న.

ఈ క్రమమును సమర్థించుచు ఒక మాట చెప్పవచ్చును. ఆకు నీడనుబట్టి, నేలనుబట్టి వెడల్పు మారును; అండాశయపు స్థానము అట్లు మారదు; కనుక స్థిరమైన లక్షణమును ముందు పెట్టుటయే శాస్త్రసమ్మతము అని. వర్గీకరణకు ఇది అక్షరాల నిజము. కాని వర్గీకరించుట వేరు, గుర్తించుట వేరు. ఇంటిపేరునుబట్టి వంశమును నిర్ణయింతుము. వీధిలో మనిషిని నడకనుబట్టి పోల్చుకొందుము. వంశవృక్షమును చేతికిచ్చి వీధిలో మనిషిని పోల్చుకొమ్మనుట ఎట్టిదో, ఈ గ్రంథములను విద్యార్థికిచ్చి మొక్కను పోల్చుకొమ్మనుట అట్టిది.

ఇటీవలి గ్రంథములు

స్వాతంత్ర్యానంతరము మన వృక్షశాస్త్రజ్ఞులు చేసిన కృషి తక్కువది కాదు. పుల్లయ్యగారు, వారి సహచరులు ‘ఆంధ్రప్రదేశ్ వృక్షావళి’ని 1997లో ప్రకటించిరి. శేషగిరిరావు మున్నగువారి ‘తూర్పుగోదావరి జిల్లా వృక్షావళి’ 1999లో వెలువడినది. కోనసీమ అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్‌లో వేరు జిల్లా అయినది. ఒక్క జిల్లాకు ప్రత్యేకముగ వృక్షావళి యుండుట గొప్ప మేలు. దేశమంతటి మొక్కలలో వెదకుటకు బదులు, చుట్టుప్రక్కల మొక్కలలోనే వెదకవచ్చును. దారి సగము తగ్గును.

కాని ఇవి రెండును ఆంగ్లముననే వ్రాయబడినవి. ఇవి ప్రధానముగ పరిశోధకులకొరకు ఏర్పడిన గ్రంథములు. గాంబుల్ నాటి పద్ధతికి వారసత్వము వహించినవి. ఇది నింద కాదు. పరిశోధకుల అవసరము పరిశోధకులది. వారు చేసిన పనిని తెలుగు చదువరి వాకిటికి తెచ్చు గ్రంథము వెంటనే రావలసియుండగా రాకపోవుటయే విచారింపదగినది.

చదువరిని తికమకపెట్టు మరియొక విషయము కుటుంబనామము. పాతగ్రంథములలో నేలతాడి అమరిల్లిడేసీలో నుండగా, నేటి గ్రంథములలో హైపాక్సిడేసీలో కానవచ్చును. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని చదువరి భయపడవలసిన పనిలేదు. ఈ గుంపును వేరుగ చూడవలెనని రాబర్ట్ బ్రౌన్ 1814 నాటికే తలచెను. గడ్డకు బదులు కొమ్ముండుట, ఒంటిమీద వెండ్రుకలుండుట, మడతల ఆకులు మున్నగు లక్షణములు దీనిని కేసరిజాతుల నుండి వేరుచేయును. జన్యుపదార్థమును పోల్చిచూచి 1998లో ప్రకటించిన వర్గీకరణమున హైపాక్సిడేసీకి ప్రత్యేక స్థానము లభించినది. ఈ నాలుగు మాటలు ఎక్కడనో ఒకచోట తెలుగున వ్రాసియుంచినచో తికమక తీరును.

ఇప్పుడు చేతిఫోనుతో చిత్రము తీసిన వెంటనే పేరు చెప్పు సాధనములు కూడ వచ్చినవి. వానిని త్రోసిపుచ్చుట వివేకము కాదు. కాని పైనుండి తీసిన చిత్రమున కనబడునది పసుపు నక్షత్రమును, నాలుగు గడ్డిపోచలును. మట్టిలోని అండాశయము మహాగ్రంథమునకు అందనట్లే ఫోను కంటికిని అందదు. అది చెప్పిన పేరును సరిచూచుటకు ఏ గుర్తును పరిశీలింపవలెనో తెలియనివాడు, దైవజ్ఞుని మాటను నమ్మినట్లు నమ్మవలసినదే.

రెండు నామకరణములు

ఈ మొక్కకు జరిగిన రెండు నామకరణములను పోల్చిచూచినచో మన గ్రంథముల కొరత ఏదియో తేటపడును. కర్కులిగో అను ప్రజాతినామమును 1788లో పెట్టినవాడు గేర్ట్‌నర్ అను జర్మను పండితుడు. ఆయన గ్రంథము కాయలనుగూర్చియు, గింజలనుగూర్చియు వ్రాసినది. లాటిను భాషలో కర్కులియో అనగా ముక్కుపురుగు. ముక్కువంటి కొసను చూచి ఆ పేరు పెట్టబడినది. కొబ్బరిచెట్టును తొలుచు ఎర్రముక్కు పురుగును ఎరుగని కోనసీమ రైతు లేడు. ఆ రైతుకు ఈ లాటిను పేరు అర్థమును చెప్పినచో ఒక్కసారికే గుర్తుండిపోవును. కాని ఏ గ్రంథమును ఆయనకు ఆ మాట చెప్పలేదు.

పండితుడు గింజను చూచి పేరు పెట్టెను. పల్లెవాసి ఆకును చూచి పేరు పెట్టెను. గింజ మట్టిలో దాగినది, ఏడాదిలో కొలదికాలమే దొరకునది. కాని తప్పు చెప్పనిది. ఆకు నెలల తరబడి కంటికెదుట నుండునది. కాని ఒక్కొకప్పుడు మోసము చేయునది. ఈ రెండును కలసినచోటనే నిజమైన గుర్తింపు. ఆకును పట్టుకొని అనుమానించి, అండాశయమును, గింజను చూచి నిశ్చయించుకొనవలెను. మన గ్రంథములలో కొన్ని ఆకు పేరుతో ఆగిపోయినవి. కొన్ని అండాశయముతో మొదలుపెట్టినవి. మొదటినుండి చివరివరకు నడిపించినది లేదు.

ఎట్లు వ్రాయవలెను?

లోపమును చూపినంత మాత్రమున విమర్శ ముగియదు. తెలుగున ఒక చిన్న క్షేత్రదీపిక వ్రాయబడునెడల, అందు నేలతాడి పుట ఇట్లుండవచ్చును:

“ఆకును వేళ్ళ మధ్య పట్టి చూడుడు. నిలువు మడతలున్నవా? వంచినచో మెత్తగ వంగుచున్నదా? వెలుతురుకు ఎదురుగ పట్టినచో సన్నని వెండ్రుకలు కనబడుచున్నవా? కణుపులు గల కాండము లేదు గదా? ఇవి కుదిరినచో నేలతాడి యని అనుమానింపవచ్చును. పూవున్నచో అది ఆకుల మొదట, నేలకు ఆనుకొనియుండవలెను. రేకులు ఆరు, పసుపుపచ్చనివి, వెనుక వెండ్రుకలు గలవి. పూవును గిల్లవద్దు. మెడ వెంట పుల్లతో రెండు వ్రేళ్ళ లోతు మట్టిని ప్రక్కకు తొలగించుడు. మెడ అడుగున ఉబ్బిన అండాశయము కనబడినచో సందేహము తీరినది. మట్టిని తిరిగి కప్పుడు. పూలకాలము గడచిన తరువాత అచ్చటనే వెదకినచో గాళ్ళును ముక్కును గల నల్లని గింజలు దొరకవచ్చును. పూవు తెల్లనిదై కాడపై నున్నచో, లేక ఊదావన్నెదై ఆకులుగల నిలువు కాడపై నున్నచో, అది నేలతాడి కాదు. పూవు లేనప్పుడు దుంపను చూచి నిర్ణయింపరాదు, నోట పెట్టరాదు.”

ఇందులో క్రొత్త పరిశోధన ఏదియు లేదు. అన్నియు పాతగ్రంథములలోని విషయములే. మారినది వరుస ఒక్కటే. కంటికి ముందు దొరకునది ముందు, మట్టిలోనిది తరువాత, కాలము కాచుకొని చూడవలసినది కడపట. ఈ వరుసలో మరియొక మేలును కలదు. గుర్తించుటకై మొక్కను పెకలింపనక్కరలేదు. నేలతాడి ప్రాణము దాని కొమ్ములో నున్నది. ఆకు కోసినను, పూవు రాలినను అది మరల చిగిర్చును. కొమ్మును త్రవ్వి తీసినచో ఆ మొక్క అంతటితో సరి. మూలికలకై ఈ జాతిని దేశమున పలుచోట్ల త్రవ్వుచున్నారు. కోనసీమలో భూమి ఒక్క తీరుగ ఉండుట లేదు. ఎన్నో చేలు చేపల చెరువులుగ, రొయ్యల చెరువులుగ మారినవి. గట్టుమీది, తోటనీడలోని చిన్నమొక్కల చోటు క్రమముగ తగ్గుచున్నది. పేరు తెలియని మొక్క పోయినచో పోయినదని కూడ ఎవ్వరికిని తెలియదు.

రాక్స్‌బరో కన్ను, ఎలియట్ చెవి, ఫిషర్ నిర్దుష్టత, మన వృక్షశాస్త్రజ్ఞుల జిల్లావారీ శ్రమ, ఈ నాలుగును తెలుగు చదువరికి వారసత్వముగ లభించినవి. వానిని ఒక చోట చేర్చి, చేతిసంచిలో పట్టునంత పుస్తకముగ, మడతల ఆకుతో మొదలుపెట్టి వ్రాయువారు కావలెను. అట్టి పుస్తకము వచ్చిననాడు మురమళ్ళ విద్యార్థి పూవును కోసికొని పాఠశాలకు తెచ్చుటకు బదులు, ఉపాధ్యాయునే తోటకు తీసికొనిపోవును. అండాశయమున్న చోటికి వారిద్దరును చేరుదురు.